తప్పు గారెదా, పెరుగుదా

కొందరు దేశం చూడాలని బయల్దేరతారు, కొందరు దేవుణ్ణి చూడాలని. నేను ఒక గేదెను చూడాలని బయల్దేరాను. ఆ గేదె ఉండే ఊరు చౌటుప్పల్ దాటి లోపలికి, పత్తి చేల మధ్య ఉంటుంది. ఊరి పేరు రాయను. రాస్తే మా ఊరిని పేపర్లకెక్కించిందని సత్తెమ్మగారు నా మీద ఇంకో నింద వేస్తారు. ఉన్న నిందే ఇంకా దిగలేదు.

ఆ నింద సంగతి ముందు చెప్పాలి. నేను పుట్టింది తెనాలి దగ్గర, కాపురం దిల్‌సుఖ్‌నగర్‌లో. రెండేళ్ల కిందట మా పై అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్న స్వరూప, గృహప్రవేశానికి గారెలు వేసి పెట్టమని అడిగింది. అడిగితేనే వేశాను. స్వరూప అత్తగారు సత్తెమ్మ ఊరి నుంచి స్టీలు క్యానులో గేదె పెరుగు తెచ్చారు. నా గారెలు ఆవిడ పెరుగులో నానాయి. మధ్యాహ్నం అందరూ వేళ్లు నాక్కుంటూ తిన్నారు. సాయంత్రానికి కొత్త ఇంట్లో దేవుడి గది ఖాళీగా ఉంది, బాత్‌రూము ముందు వరస ఉంది.

అప్పుడు సత్తెమ్మగారు లిఫ్టు దగ్గర నిలబడి, నేను వింటుండగానే, "గా కిందింటామె గారెలు తినబట్టే గిట్లయింది" అన్నారు.

నా వాదన చాలా సులువైనది. గారె మరిగే నూనెలోంచి వచ్చింది. పెరుగు ఆవిడ ఇంట్లోంచి వచ్చింది. ఇక మీరే చెప్పండని ఒక్కొక్క ఫ్లాటు తలుపూ తట్టి అడిగాను. అందరూ తల ఊపారు. ఊపుతూనే తలుపు వేసుకున్నారు. వినాయక చవితికి అసోసియేషన్ వాళ్లు ప్రసాదాలు పంచుకునేటప్పుడు నా వంతుకి అరటిపళ్లు వేశారు. అరటిపండుకి తొక్క ఉంటుంది కదా, నా చెయ్యి తగలదని.

మొన్న వానలు తగ్గాక స్వరూప కిందికి వచ్చి, ఊరెళుతున్నానని చెప్పింది. తన మరిది కొడుకు చిన్నుకి మాటిమాటికీ విరేచనాలట. నడక వచ్చే వయసులో చంకలోనే ఉంటున్నాడట, ఒళ్లు చేయడం లేదట. అత్తగారేమో పళ్లొస్తున్నాయని కొట్టిపారేస్తున్నారట. మాట వరసకి, "మీరూ రాకూడదా ఆంటీ" అంది. మాట వరసకి పిలిచినవాళ్లకి బుద్ధి రావాలంటే వెళ్లడమే మందు. నేను సంచీ సర్దుకున్నాను. పిల్లాడి కోసం బేకరీలో బిస్కెట్లు కూడా కొన్నాను. ఈ బిస్కెట్లని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

ఎల్బీనగర్ కూడలి

ఫ్లైఓవర్ కింద బస్సు కోసం నిలబడ్డాం. తోపుడు బండి నిండా సీతాఫలాలు. కిలో ఎనభై అన్నాడు. మా వైపు ఈ కాలంలో పెరటి చెట్టుకి కాసి రాలిపోయే పండు. పండిందో లేదో చూద్దామని ఒకదాన్ని వేలితో నొక్కాను. పక్కదాన్నీ నొక్కాను.

"అమ్మా, కొనేటోళ్లు నొక్కరు, నొక్కేటోళ్లు కొనరు" అన్నాడు బండతను, పక్కన కాలేజీ పిల్లలు నవ్వేలాగా.

అతని బండి గొడుగు రంగు చూసి పెట్టుకున్నాను. నీలం.

హయత్‌నగర్ దాటాక

బస్సులో నా పక్కన ఖాళీ పాల క్యాన్లు కాళ్ల మధ్య పెట్టుకుని ఒకాయన కూర్చున్నాడు. తెల్లవారకముందే వచ్చి ఎల్బీనగర్ కాలనీల్లో పాలు పోసి తిరిగి వెళుతున్నాడు. కేసు విషయమై వెళుతున్నదాన్ని కదా, ఊరుకోలేక నీళ్లు కలుపుతావా అని అడిగాను. ఆయనకి కోపం రాలేదు.

"రోజు గదే అడుగుతరమ్మా. కలిపిన అంటే ఊకోరు, కలపలే అంటే నమ్మరు. గని ఏ నీళ్లు కలిపినవని మాత్రం ఇప్పటిదాంక ఒక్కలు అడగలే."

నేను అడిగాను. ఆయన కిటికీలోంచి చూసి, తను దిగే చోటు వచ్చిందని లేచాడు. బస్సు ఇంకా చాలా దూరం పోయాక గానీ ఆగలేదు. అంతసేపూ క్యాన్లు పట్టుకుని తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు.

హైవే వదిలాక రెండు పక్కలా పత్తి. విచ్చిన కాయలు, వంగిన ఆడవాళ్లు. చేల గట్ల మీద అక్కడక్కడ పేడ ఎరువు కుప్పలు. వాన నీళ్లు ఆ కుప్పల్ని కోసుకుంటూ ఊరి వైపే పారినట్టు గోధుమరంగు చారలున్నాయి. స్వరూపకి చూపించాను. పచ్చగా బాగుంది కదాంటీ అంది.

గేదె దర్శనం

వాకిట్లోనే సత్తెమ్మగారు ఎదురయ్యారు. నేను ఆవిడని వదినగారూ అంటాను, ఆవిడ నన్ను చెల్లె అంటుంది. ఇద్దరిలో నేను చిన్నదాన్నని ఒప్పుకున్నట్టే కాబట్టి ఈ ఒక్క విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

"ఒచ్చినవా చెల్లె? గారెలు తెచ్చినవా?" అని, నేను జవాబు వెతుక్కునేలోపే పాక వైపు చెయ్యి చూపించింది. "ఇగో, నువ్వు సూడొచ్చిన బర్రె. సూసుకో."

స్వరూప ముందే ఫోన్లో చెప్పేసిందన్నమాట. అది కూడా గుర్తుపెట్టుకున్నాను.

నేను మురికి గేదెని ఊహించుకుని వెళ్లాను. అదేమో స్నానం చేసి, కొమ్ములకి నూనె రాసుకుని, నాకంటే శుభ్రంగా ఉంది. నెమరు వేస్తూ నన్ను పైనుంచి కిందికి చూసింది. దాని దగ్గరికి వెళ్లబోయి పేడలో జారి, చెప్పు తెగి, గుంజని కౌగిలించుకుని నిలబడ్డాను. సత్తెమ్మగారు లోపలికెళ్లి నవ్వి వచ్చారు. ఆవిడ మర్యాద అంతవరకు ఉంది.

ఇల్లు మాత్రం నాకు నచ్చింది. ఒక పక్క గేదెలు, ఒక పక్క మేకలు, కోళ్లకి మాత్రం పక్క అంటూ లేదు, అన్ని గదులూ వాటివే. బియ్యం డబ్బా మీద ఒకటి, మడిచిన పరుపు మీద ఒకటి. ఎరువు గుంట బోరుకి చేరువలోనే ఉంది. బోరు నీళ్లు పట్టే గోలెంలో గేదె ముందు తాగుతుంది, తర్వాత మనుషులు కాళ్లూ చేతులూ కడుక్కుంటారు. తాగడానికి మాత్రం ప్లాంటు నుంచి నీళ్ల క్యాను కొనుక్కుంటారు. మా దిల్‌సుఖ్‌నగర్‌లో లాగే.

వాకిట్లో పొద్దున్నే పేడనీళ్లు చల్లడాన్ని మేము కల్లాపి అంటాం, వాళ్లు సాన్పి అంటారు. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ముందు టైల్స్ మీద ఒకావిడ పండక్కి ప్యాకెట్లో దొరికే ఆకుపచ్చ పొడి నీళ్లలో కలిపి చల్లుతుంది. ఇక్కడ అసలైనదే. మోచేతి దాకా ముంచి కలుపుతారు.

ఆ సాయంత్రం జొన్నరొట్టె, పచ్చిపులుసు, తర్వాత పెరుగు. పులుసులో వేయించిన నువ్వుల పొడి వేశారు. మా వాళ్లు ఎందుకు వేయరో నాకు తెలీదు. చిన్నుని అప్పుడే దగ్గరగా చూశాను. పెద్ద కళ్లు, సన్నటి కాళ్లు. నా బిస్కెట్లు రెండు చేతుల్లో రెండు పట్టుకుని, ఒకటి తను తిని, ఒకటి కోడికి పెట్టి, కోడి వదిలేసింది మళ్లీ తనే తిన్నాడు.

పెరుగు దగ్గర నేనొక నిర్ణయం తీసుకున్నాను. వేరే అనుమానపు తిండి ఏదీ తినకుండా పెరుగు మాత్రం కడుపు నిండా తింటాను. పొద్దున్నకి నా కడుపే సాక్ష్యం చెబుతుంది. మారు వడ్డించుకున్నాను. సత్తెమ్మగారు నా వైపు అనుమానంగా చూశారు.

సాక్ష్యం తిరగబడింది

తెల్లారింది. నా కడుపు రాయిలా ఉంది. జన్మలో ఇంత నమ్మకద్రోహం నాకెవరూ చెయ్యలేదు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు పక్కన ఏళ్ల తరబడి తిన్న మిర్చి బజ్జీలూ పానీపూరీలూ దాన్ని ఏమైనా తట్టుకునేలా తయారు చేశాయి కాబోలు.

"ఎట్లుంది చెల్లె కడుపు? చెంబు గిట్ల కావాల్నా?" అని సత్తెమ్మగారు పరామర్శించారు.

అలిగి మంచం మీద కూర్చున్నాను. అలిగినవాళ్లకి వేరే పనుండదు, అన్నీ కనిపిస్తాయి. పాలు పితకడం చూశాను. ఆవిడ చిన్నకొడుకు చేతులు కడుక్కుని, పొదుగు కడిగి పితికాడు. తప్పు పట్టడానికి లేదు. చిన్నకోడలు మమత పాలు పొంగే దాకా కాచింది. అక్కడా లేదు. పాలు చల్లారుతుండగా సత్తెమ్మగారు పాకలోకెళ్లి పేడ ఎత్తి, గోడకి పిడకలు కొట్టి, గోలెంలో చెయ్యి జాడించుకుని లోపలికొచ్చారు. గోరువెచ్చగా ఉన్నాయో లేదో చూడటానికి పాల గిన్నెలో చూపుడువేలు ముంచారు. సరిపోయింది. తోడు వేశారు. అదే వేలితో నిన్నటి పెరుగు మీద మీగడ తీసి, పాకుతూ వచ్చిన మనవడి నోట్లో పెట్టారు. వాడు కళ్లు మూసుకుని చప్పరించాడు.

నేను మంచం దిగాను. రెండేళ్లుగా వెతుకుతున్న దొంగ దొరికింది. గోరంత దొంగ.

చెప్పాను. ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. దొడ్డికి పోయొస్తే సబ్బు పెడుతుందట, టీవీలో చెప్పారని. పేడ ముట్టుకుంటే సబ్బెందుకు?

"పేడ మైలెట్లయితది చెల్లె? దాంతోనే గద ఇల్లు శుద్ధి జేసేది. పేడ అంటే లచ్చిమి."

"లక్ష్మీదేవి వాకిట్లో ఉంటే బాగుంటుంది వదినగారూ, పాలగిన్నెలో కాదు."

"మీ తెనాలిల పేడ లేదా? మీ అమ్మ ఇల్లు అలకలేదా?"

అలికింది. మా అమ్మ కూడా పేడ చేత్తోనే గడప కడిగి, ఆ చెయ్యి నీళ్లలో జాడించి, పాలు తోడు పెట్టేది. ఇక్కడ రాయడం నాకిష్టం లేదు గానీ, ఆ పూట తల ఊపి మళ్లీ మంచం ఎక్కాను. సత్తెమ్మగారు దాన్ని గెలుపు కింద జమ వేసుకుని, మీ గారెల్లో వంటసోడా ఎక్కువైందని కొత్త సంగతొకటి కూడా కలిపారు. నేను గారెల్లో సోడా వెయ్యను. ఎప్పుడూ వెయ్యలేదు.

ఎండెక్కాక మమత వెంట చేనికి వెళ్లాను. పత్తి తీసే రోజుల్లో తల్లులందరూ చేలల్లోనే. పిల్లలు ఇంటి దగ్గర ముసలివాళ్ల చూపులో, కోళ్లతో పాటు నేల మీద పెరుగుతారు. మమత ఒడిలో పత్తి నింపుకుంటూనే మాట్లాడింది. తన తల్లిగారింటివాళ్లు హయత్‌నగర్‌లో కిరాయికి ఉంటారు. అక్కడ గొడ్డూ గోదా లేవు. వానాకాలంలో చిన్నుని అక్కడ ఉంచినన్నాళ్లూ వాడికి ఏమీ కాలేదు, బుగ్గలొచ్చాయి. ఊరికి తిరిగొచ్చిన వారానికే మళ్లీ మొదలైంది. ఒకసారి అత్తకి చెప్పబోతే, మా ఇల్లు పడదా నీ కొడుకుకు అని ఆవిడ అన్నం మానేసిందట. అప్పటినుంచి మమత నోరెత్తలేదు.

"మీరైతే కొట్లాడతరు గద ఆంటీ. స్వరూపక్క జెప్పింది, రెండేండ్ల సంది ఇడిసిపెడ్తలేరని. మీరే జెప్పుండ్రి."

నా పేరు ఊళ్లోకి ఇలా వచ్చిందన్నమాట. ముందు బాధపడ్డాను. వెనక్కి నడుస్తూ ఆలోచిస్తే, నా మొండితనం పనికొస్తుందని ఒకరు అనడం అదే మొదటిసారి.

దవాఖాన

మర్నాడు పొద్దున చిన్నుకి మళ్లీ విరేచనాలు పట్టుకున్నాయి. ఈసారి ఆగలేదు. మధ్యాహ్నానికి వాడు ఏడవడం మానేశాడు. ఏడిస్తే గొడవగా ఉండే ఇల్లు, ఏడవకపోతే భయంగా ఉంది. కళ్లు లోపలికి పోయాయి. పేచీలన్నీ గుంజకి కట్టేసి ఆటో ఎక్కాం. సత్తెమ్మగారి ఒడిలో వాడు, పక్కన మమత, ఎదురుగా నేను, డ్రైవరు పక్కన స్వరూప. దారంతా సత్తెమ్మగారు పళ్లొస్తున్నయ్, పళ్లొస్తున్నయ్ అని తనకి తానే చెప్పుకున్నారు.

మండలం దవాఖానలో చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. పిల్లాడి పొట్ట చర్మం పట్టి చూసి, ఉప్పూ చక్కెరా కలిసిన పొడి నీళ్లలో కలిపించి చెంచాతో పట్టించమంది. కొంచెం కొంచెంగా లోపలికి పోతోందని తేలాక, తల్లి చేత ఒక్కొక్కటే చెప్పించుకుంది. ఎక్కడ పాకుతాడు, ఏ నీళ్లు, ఇంట్లో ఏమేం పశువులు. తర్వాత, నిన్నా మొన్నా కొత్తగా ఏం తిన్నాడని అడిగింది.

సత్తెమ్మగారు నా వైపు చూశారు.

"పట్నం బిస్కెట్లు తిన్నడమ్మా. గీమె తెచ్చింది."

చూశారా, బిస్కెట్లు వచ్చాయి. అప్పటిదాకా పెద్దరికంగా నోరు మూసుకున్నదాన్ని, ఇక ఆగలేదు. పిడకల దగ్గర మొదలుపెట్టి గోలెం, పాలగిన్నె, మీగడ, కోడి ఎంగిలి దాకా అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ సత్తెమ్మగారు నన్ను చూడలేదు. మనవడి తల కింద ఉన్న తన చెయ్యి చూసుకుంటున్నారు.

డాక్టరమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. పేడలోనూ కోడి రెట్టలోనూ ఉండేది కంటికి కనబడదనీ, నీళ్లలో జాడిస్తే పోదనీ, పేడ ముట్టుకున్న ప్రతిసారీ సబ్బు పెట్టాలనీ చెప్పింది. పిల్లాడు పాకే చోటికి కోళ్లని రానివ్వొద్దంది. జింక్ బిళ్లలిచ్చి, తగ్గిపోయినా మధ్యలో ఆపొద్దంది. పెద్దవాళ్ల కడుపు తట్టుకున్నది పిల్లల కడుపు తట్టుకోదని కూడా అంది. నా కడుపు చేసిన ద్రోహానికి అలా సంజాయిషీ దొరికింది.

లేచి వస్తూ నేను ఆగాను. మళ్లీ డాక్టరు దొరకొద్దూ. రెండేళ్ల కిందట గృహప్రవేశంలో గారెలు, పెరుగు, బాత్‌రూము ముందు వరస, అన్నీ క్లుప్తంగా వివరించి, తప్పు గారెదా పెరుగుదా అని అడిగాను. స్వరూప నా కొంగు లాగుతోంది.

"రెండేళ్ల కిందటి గారె గురించి ఇప్పుడు ఎవరూ చెప్పలేరండీ" అంది డాక్టరమ్మ, నవ్వాపుకుంటూ.

అంటే పెరుగు కాదని కూడా చెప్పలేదు. ఇది గమనించాలి.

గోలెం పక్కన

సాయంత్రానికి చిన్ను ఒకసారి గట్టిగా ఏడ్చాడు. ఇంట్లో అందరం ఆ ఏడుపు కూర్చుని విన్నాం. కచేరీ విన్నట్టు.

సత్తెమ్మగారు గోలెం దగ్గర బట్టల సబ్బుతో చేతులు తోముకుంటున్నారు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. ఆవిడ తల ఎత్తలేదు.

"పోరనికి నేనే పెట్టిన్నా చెల్లె? నా చేతులతోనే?"

రెండేళ్లుగా ఈ ప్రశ్న కోసమే ఎదురుచూశాను. జవాబు కూడా తయారుగా ఉంది, అద్దం ముందు అని చూసుకున్నాను కూడా. అది అద్దానికే వదిలేశాను.

"కడుక్కుంటే చాలు వదినగారూ. వేలు తీసెయ్యక్కర్లేదు" అన్నాను.

ఆవిడ ముక్కు చీది, వేలు నా మొహం ముందు పెట్టింది. "సూడు, తెల్లగైందా?" అయిందన్నాను. మళ్లీ ఒకసారి తోమింది, నా మాట మీద నమ్మకం లేక.

బయల్దేరే రోజుకి ఇల్లు కొంచెం మారింది. మమత ఒక సబ్బుని పాత సాక్సులో వేసి గోలెం పక్క గుంజకి వేలాడగట్టింది. చిన్నుకి చాప వేసి చుట్టూ మంచాలు అడ్డం పెట్టారు. కోళ్లు గుమ్మం బయట నిలబడి, కిరాయి ఇచ్చినా ఖాళీ చేయించినట్టు అరుస్తున్నాయి. ఎరువు గుంటని చేని వైపు మార్చమని అంటే, పత్తి అయినంక సూద్దామన్నాడు కొడుకు. ఈ మాట కూడా నేను మరిచిపోను.

మళ్లీ ఎల్బీనగర్

దిగగానే నీలం గొడుగు బండి ముందు నిలబడి, అతను చూస్తుండగా పక్క బండిలో రెండు కిలోల సీతాఫలాలు కొన్నాను. ఇంటికెళ్లి చూస్తే సగం పచ్చివి. నొక్కి చూడలేదు, పంతం కొద్దీ.

చలి తగ్గాక చిన్ను పుట్టినరోజు ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో చేశారు. వాడు నడుస్తున్నాడు. పట్టుకోబోతే పరిగెడుతున్నాడు. మధ్యలో ఒకసారి మళ్లీ కడుపు చెడిందట గానీ ఇంట్లోనే ఆ ఉప్పూ చక్కెరా నీళ్లు పట్టించి నిలబెట్టుకున్నామని మమత చెప్పింది.

సత్తెమ్మగారి కబురు ముందే వచ్చింది. గారెలు నేనే వెయ్యాలి, పెరుగు తనే తేవాలి. వేశాను. తెచ్చారు. మా అపార్ట్‌మెంటువాళ్లందరూ వచ్చారు, నాకు అరటిపళ్లు వేసినాయనతో సహా. పెరుగు గారెల పళ్లెం దాకా వచ్చిన వరస అక్కడ ఆగిపోయి పక్కకి తిరుగుతోంది. పక్కనున్న పులిహోర మాత్రం తరిగిపోతోంది.

సత్తెమ్మగారు వచ్చి ఆ పళ్లెం వెనక నిలబడ్డారు.

"గారెలు మా చెల్లె ఏసింది. పెరుగు నేను తోడేసిన. ఇద్దరం సబ్బు పెట్టినం. ఇంకేంది పరేషాన్?"

అని ముందు ఒక ముక్క చెంచాతో చిన్ను నోట్లో పెట్టారు. తర్వాత తనొక గారె తీసుకుని, హాలంతా చూస్తుండగా నిదానంగా నమిలారు.

"పెరుగు మంచిగున్నది" అన్నారు. "గారెనే జర గట్టిగున్నది."

అందరూ నవ్వారు. నవ్వుతూనే పళ్లేలు చాపారు. నేను మాత్రం అందరూ చూసేలా పంపు దగ్గరికెళ్లి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, ఒక గారెని వేలితో నొక్కి చూశాను.

మెత్తగానే ఉంది.